అప్‌డేట్: కిటికీలోంచి వాన నీళ్లు రావడం ఆగింది

వాన పడితే హాల్లో స్లైడింగ్ కిటికీ కింద నుంచి నీళ్లు లోపలికి వస్తున్నాయని పోయిన వారం అడిగాను. ట్రాక్ బయటి అంచున నీళ్లు పోయే రంధ్రాలు చూడమన్నవారికి చాలా థాంక్స్, లోపం అక్కడే ఉంది. పావురాల ఈకలు, మట్టి, పుట్టీ కలిసి గట్టిగా బిగుసుకుపోయాయి. పైగా అంతకుముందు వచ్చిన మేస్త్రీ ఆ రంధ్రాల మీదే సిలికాన్ పూశాడు. దాన్ని బ్లేడుతో గీకి, సన్నటి తీగతో పొడిచాను. చెంబుడు నీళ్లు పోస్తే మొదట బురద, తర్వాత తేట నీరు బయటి గోడ మీదుగా కారింది. ఎంత హాయిగా అనిపించిందో! దయచేసి ఎవరినీ ఆ రంధ్రాలు మూయనివ్వకండి. ఫ్రేముకీ గోడకీ మధ్య సందులో మాత్రం కొత్తగా సిలికాన్ వేశాను. రాత్రి గంటసేపు కుండపోత వాన, అయినా కిటికీ గట్టు పొడిగానే ఉంది. అరిగిన రోలర్లు ఇంకా మార్చాలి.