కోకో చెట్ల కింద తిరిగే పిట్ట రెడ్ బ్రెస్టెడా, టైగానా?

బోదెగట్టు:
అమలాపురం దగ్గర మా కొబ్బరి తోటలో, కొబ్బరి నీడన వేసిన కోకో చెట్ల మధ్య, కార్తీకం నుంచీ ఒక చిన్న పిట్ట ఒంటరిగా తిరుగుతోందండి. పిచ్చుక కంటే చిన్నది, పైన బూడిద కలిసిన గోధుమ రంగు, గొంతూ పొట్టా తెల్లగా ఉన్నాయి. కింది కొమ్మ మీద వాలి తోక నిక్కిస్తే మొదట్లో రెండు పక్కలా తెల్ల మచ్చలు కనబడతాయి, ఎగిరి పురుగును పట్టి మళ్ళీ అక్కడికే వస్తుంది. కొబ్బరికాయల దింపు జరిగిన రోజు కూడా చోటు వదల్లేదు. ఫోటో ఇక్కడ పెట్టాను. వాట్సాప్ గ్రూపులో అందరూ రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ (ఎగిరి పురుగులు పట్టే పిట్టల్లో ఒక జాతి) అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. ఇది దాన్ని పోలిన ఇంకో జాతి, టైగా ఫ్లైక్యాచర్; చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో అలాగే రాస్తాను.

పాత బైనాక్యులర్:
తొందరపడకండి. ఈ రెండిటినీ ఒకే జాతిగా చాలాకాలం లెక్కేశారు. రెడ్ బ్రెస్టెడ్ తూర్పు యూరప్ వైపు నుంచి చలికాలానికి మన దేశానికే వస్తుంది. టైగా సైబీరియాది, ఎక్కువగా ఆగ్నేయాసియాకు పోతుంది. మీ పిట్టకు ఎర్ర గొంతు లేదు, అంటే ఆడదో పిల్లదో. ఫోటో చూసి ఎలా చెబుతారు?

బోదెగట్టు:
ఎర్ర గొంతు లేకపోతే ఆడదే అనడం తప్పండి. రెడ్ బ్రెస్టెడ్‌లో పెద్ద మగదానికి ఎరుపు ఏడాదంతా ఉంటుంది, టైగా మగదానికి మాత్రం చలికాలంలో పోయి, తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ వస్తుంది. మనది తూర్పు తీరం, టైగా ఇటు రానే రాదని ఎవరూ అనలేరు. ముక్కు చూడండి, మొత్తం నల్లగా ఉంది, రెడ్ బ్రెస్టెడ్‌కైతే కింది ముక్కు మొదలు లేత రంగు. తోక మొదలును పైనుంచి కప్పే ఈకలు చూడండి, తోక కంటే నల్లగా లేవూ?

మడఅడవి:
ఆ ఈకల సంగతి నిజమే, కానీ నీడలో తీసిన ఫోటోలో నలుపును నమ్మొద్దు. కోరింగ మడల్లో నేను తీసిన వాటిలో గోధుమ రంగు తోకలు కూడా నల్లగానే పడ్డాయి. అరుపు రికార్డు చేయండి. టైగాది ట్ర్ర్ర్ అని వేగంగా, విడివిడిగా వినబడనంత దగ్గరగా ఉంటుంది. రెడ్ బ్రెస్టెడ్‌ది కాస్త నిదానం. అప్పటిదాకా ఈబర్డ్‌లో రెండు పేర్లూ కలిపి రాసే వీలుంది, అది వాడండి. తప్పు పేరు ఒకసారి ఎక్కితే దాన్ని చూసి ఇంకో పదిమంది రాస్తారు.

పాత బైనాక్యులర్:
ముక్కు విషయం ఒప్పుకుంటున్నాను, పెద్దది చేసి చూశాను, లేత రంగు కనబడలేదు. అదొక్కటీ నాకు సరిపోదు.

బోదెగట్టు:
సరే, ఇవాళ్టికి రెండు పేర్లూ కలిపే రాశాను. పొద్దున్న ఫోన్‌లో రికార్డు చేశాను, నా చెవికి వేగంగానే ఉంది గానీ మోటారు చప్పుడులో మీకు తెలియదు. రేపు తెల్లారగట్ల, మోటారు వేయకముందే వెళ్తాను. ఇది మగదైతే వెళ్ళేలోపు గొంతు రంగు తిరగాలి, ఎరుపు గొంతు వరకే ఆగి దాని కింద బూడిద రంగు పట్టీ కనబడితే అది టైగానే, ఆ ఫోటో కూడా ఇక్కడే పెడతాను.