వరకట్న మరణాలను హత్యల లెక్కలో కలపాలా?

కృష్ణలంక: 2022 జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం హత్య కేసులు 28,522. చనిపోయిన ఆడవాళ్లు 8,125 మంది. అంటే పదిమందిలో ఏడుగురు మగవాళ్లే. 2021లో ప్రపంచమంతటా చూసినా నూటికి 81 మంది మగవాళ్లు. ముప్పు మగవాళ్లకే ఎక్కువ అంటే కాదనేదేముంది?

పట్టికలమ్మ: ఆ మాట నిజమేనండీ, కానీ పట్టిక పూర్తిగా చూడలేదు మీరు. అదే ఏడాది వరకట్న మరణాలు 6,450. అవి వేరే పట్టికలో ఉంటాయి, హత్యల్లోకి రావు. కలిపి చూడండి: 34,972లో ఆడవాళ్లు 14,575. వాటా 28 శాతం నుంచి దాదాపు 42కి వెళ్తుంది. కేసుకు ఒక్క ప్రాణం చొప్పున వేశాను, కాబట్టి ఉజ్జాయింపే.

ఓరుగల్లు_వకీలు: అలా కలిపేస్తే తప్పండీ. వరకట్న మరణాల సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతి ఐపీసీలో 304బి (ఇప్పుడు కొత్త చట్టం బీఎన్ఎస్‌లో 80), కిందికి ఆత్మహత్యలూ వస్తాయి. పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజ మరణం, దానికి ముందు కట్నం కోసం వేధింపు: ఈ రెండూ ఉంటే చాలు. 6,450 అన్నీ హత్యలనడానికి లేదు.

పట్టికలమ్మ: ఆత్మహత్యల సంగతి ఒప్పుకుంటాను. మరి అందులో పడిపోయిన హత్యల మాటేమిటి? నాలుగు గోడల మధ్య చంపితే సాక్షి దొరకడు, హత్య సెక్షన్ 302 నిలబడదు. 304బి అయితే వేధింపు రుజువు కాగానే నేరం చేయలేదని చూపే భారం అత్తింటివాళ్ల మీద పడుతుంది. అందుకే ఆ సెక్షన్ పెడతారు. ఎఫ్ఐఆర్‌లో రెండూ ఉంటే పెద్ద నేరం కిందే, అంటే హత్యగానే లెక్కిస్తారు. కాబట్టి ఒకే మరణం రెండుసార్లు రాదు.

ఓరుగల్లు_వకీలు: 302 కూడా చేర్చమని 2010లో రాజ్‌బీర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆధారముంటేనే చేర్చాలని 2013లో జస్వీందర్ సైనీ కేసులో సవరించింది. మీ పద్ధతిలో ఇంకో చిక్కుంది, వయసు. ఇరవై ఒకటికి పెళ్లయిన అమ్మాయి ఇరవై ఎనిమిది దాటితే ఈ సెక్షన్‌లో ఉండదు. కలిపితే పట్టికలో 18–30 ఏళ్లవాళ్ల గడి ఒక్కటే ఉబ్బుతుంది. అసలు ఆ గడి పన్నెండేళ్లది, 30–45 పదిహేనేళ్లది. ఉత్త సంఖ్యలు పక్కపక్కన పెట్టడం కాదు, ఆ వయసు ఆడ, మగ జనాభాతో విడివిడిగా భాగించి లక్షకు ఎంతో చూడాలి.

పట్టికలమ్మ: భాగిద్దాం. చంపిందెవరో కూడా చూద్దాం. 2021 ప్రపంచ లెక్కలో హతమైన ఆడవాళ్లలో 56 శాతాన్ని చంపింది భర్తో, సహచరుడో, కుటుంబసభ్యులో. మగవాళ్లలో అది 11 శాతం.

కృష్ణలంక: ఈ తేడా నేను చూడలేదు. మరి పట్టికకే ఎక్కని మరణాలు?

ఓరుగల్లు_వకీలు: అది శవ పంచనామా దగ్గర తేలాలి. పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ అనుమానాస్పదంగా పోతే తహసీల్దారు స్థాయి మెజిస్ట్రేటు విచారణ జరపాలి. అక్కడ శుభలేఖ చూసి పెళ్లి తేదీ రాసుకోకుండా, ‘స్టవ్ అంటుకుంది’ అన్న మాటే రాసుకుంటే అది ప్రమాదం. రెండు పట్టికల్లోనూ ఆమె ఉండదు.