అప్‌డేట్: ఎయిడ్ ఆగిపోయిందని అడిగాను కదా, అప్పీల్ ఒప్పుకున్నారు

జీపీఏ (మార్కుల సగటు) 2.4 ఉన్నా అమెరికా ప్రభుత్వం చదువుకిచ్చే ఎయిడ్, అంటే పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని సాయం), లోన్ రెండూ ఎందుకు ఆపేశారని ఇక్కడ అడిగింది నేనే. మీలో చాలామంది చెప్పిందే నిజం, సమస్య జీపీఏ కాదు, పేస్, అంటే తీసుకున్న క్రెడిట్లలో ఎన్ని శాతం పూర్తి చేశామన్నది. 30 క్రెడిట్లు తీసుకుని 18 పూర్తి చేశాను, అంటే 60 శాతం, మా కాలేజీకి 67 కావాలి. ఆపరేషన్ అయిన సెమిస్టర్‌లో మూడు కోర్సులు డ్రాప్ చేశాను, డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడితే జీపీఏకి ఏమీ కాదు కదా అని ధీమాగా ఉన్నాను, కానీ అవి కూడా తీసుకున్న క్రెడిట్ల లెక్కలోకే వస్తాయట! ఇంకోటి ఫెయిల్. పైగా మా కాలేజీ ఈ లెక్క ఏడాదికోసారే చూస్తుంది కాబట్టి వార్నింగ్ సెమిస్టర్ అనేదే లేదు, నేరుగా సస్పెన్షన్ మెయిల్.

అప్పీల్ మొదట రెండు పేజీలు రాశాను, సగం ఏడుపే. అడ్వైజర్ అంతా కొట్టేసి రెండే ఉంచమంది: ఏం జరిగింది, ఇప్పుడు ఏం మారింది. డిశ్చార్జ్ పేపర్లు, డాక్టర్ లెటర్ జత చేశాను. మూడు వారాల టెన్షన్ తర్వాత ఒక సెమిస్టర్ ప్రొబేషన్ ఇచ్చారు, అంటే ఈ సెమిస్టర్‌కి ఎయిడ్ మళ్లీ వస్తుంది. ఈసారి 12 క్రెడిట్లూ పాసైతే 42కి 30, అంటే 71 శాతం, గండం గట్టెక్కినట్టే.

మేజర్ మార్చమన్న వాళ్లకి: మారిస్తే కొత్త కోర్సులతో తీసుకున్న క్రెడిట్లు పెరుగుతాయి, 120 క్రెడిట్ల డిగ్రీకి అవి 180 దాటితే ఎయిడ్ ఉండదు, అందుకే ఆ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను.