అప్‌డేట్: మామగారి నడినెత్తి మీది మెలనోమా, శస్త్రచికిత్స తరువాత

బ్రిస్బేన్‌లో ఉండే మా మామగారికి (నా భర్తది ఆస్ట్రేలియా కుటుంబం) నడినెత్తిన వచ్చిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) మళ్లీ తిరగబెడుతుందా అని మార్చిలో అడిగాను. కణితి మందం 1.6 మిల్లీమీటర్లు, పైన పుండు పడలేదు, మెడలోని సెంటినెల్ లింఫు గ్రంథిలో (క్యాన్సర్ పాకితే మొదట చేరే గ్రంథిలో) క్యాన్సర్ కణాలు లేవు. కనుక ఇది 1బి దశ, అంటే ఇంకా పాకని తొలి దశ. అయినా, అంతే మందమున్న మెలనోమా చేతికో కాలికో వచ్చినప్పటికంటే నెత్తిన వచ్చినప్పుడు ప్రమాదం ఎక్కువనీ, తిరగబెడితే చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడుతుందనీ సర్జన్ వివరించారు. ఆ మచ్చను మొదట గమనించింది ఆయనకు జుట్టు కత్తిరించే ఆవిడే. ఆమెకు మేమెంతో రుణపడి ఉన్నాము. ఇప్పుడు పరీక్షల మధ్య కాలంలో ప్రతి ఆదివారం మేమే జుట్టు పాయలు తీసి చూసి, మెడ తడిమి గడ్డలేమైనా తగులుతున్నాయేమో పరిశీలిస్తున్నాము.