ఫోల్డర్ ఎంపిక డైలాగులో ఓకే బటన్‌ను షరతుతో నిలిపి ఉంచడం ఎలా?

స్కాన్ చేసిన పాత దస్తావేజుల చిత్రాలను పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రామును సీ షార్ప్ భాషలో, విండోస్ తెరలు, బటన్లు తయారుచేసే విన్‌ఫార్మ్స్‌తో రాస్తున్నాను. ఫోల్డర్ ఎంచుకునే చోటే "ఉప ఫోల్డర్లను కూడా చేర్చు" అనే చెక్‌బాక్స్ కనిపించాలి. విన్‌ఫార్మ్స్‌లో సిద్ధంగా ఉన్న ఫోల్డర్‌బ్రౌజర్‌డైలాగ్ సీల్డ్ క్లాసు కాబట్టి దానిని ఇన్‌హెరిట్ చేసి (అంటే దాని ఆధారంగా కొత్త క్లాసు రాసి) మార్చుకోవడానికి వీల్లేదు. అందుకే విండోస్ విస్టాతో వచ్చిన, ఫైళ్లు తెరిచే డైలాగు ఐఫైల్‌ఓపెన్‌డైలాగ్‌ను నేరుగా పిలిచి, ఫోల్డర్లను మాత్రమే ఎంచుకునే ఆప్షన్ ఇచ్చి, ఐఫైల్‌డైలాగ్‌కస్టమైజ్‌లోని యాడ్‌చెక్‌బటన్‌తో ఆ చెక్‌బాక్సును పెట్టాను. సెట్‌ఓకేబటన్‌లేబుల్‌తో బటన్ మీద "ఈ ఫోల్డర్ తీసుకో" అని తెలుగులో కూడా చక్కగా వస్తోంది.

చిక్కల్లా ఆ బటన్‌తోనే. ఎంచుకున్న ఫోల్డర్‌లో ఒక్క టిఫ్ (స్కాన్ చిత్రం) ఫైలైనా లేకపోతే అది నొక్కడానికి వీలు లేకుండా ఉండాలి. ఓకే నొక్కగానే వచ్చే ఆన్‌ఫైల్‌ఓకే ఈవెంటులో ఎస్_ఫాల్స్ ("వద్దు" అనే జవాబు) తిరిగి ఇస్తే డైలాగు మూసుకోకుండా ఆగుతుంది గానీ, అది నొక్కిన తర్వాతి సంగతి. రోజంతా ఇదే పని చేసే గుమాస్తాలకు మాటిమాటికీ హెచ్చరిక చూపించడం నాకు సబబుగా తోచడం లేదు. పాత ఫోల్డర్ ఎంపిక డైలాగు ఎస్‌హెచ్‌బ్రౌజ్‌ఫర్‌ఫోల్డర్‌లోనైతే బీఎఫ్‌ఎఫ్‌ఎం_ఎనేబుల్‌ఓకే అనే సందేశం పంపితే సరిపోయేది. కొత్త డైలాగులో, విండో హ్యాండిల్ (విండోకు సిస్టమ్ ఇచ్చే గుర్తింపు) వెతికి బటన్‌ను బలవంతంగా ఆపే అవసరం లేకుండా, ఎంపిక మారినప్పుడు వచ్చే ఆన్‌సెలెక్షన్‌చేంజ్ ఈవెంటు దగ్గరే ఈ పని చేసే పద్ధతి ఏదైనా ఉందా? చేసి చూసినవారు చిన్న కోడ్ ముక్కతో వివరించగలరని కోరుతున్నాను.