అప్‌డేట్: వయొలిన్ మంద్ర తీగ జరజర – బ్రిడ్జి తిరగబడి ఉందట!

రెండు నెలల క్రితం అడిగాను, గుర్తుందా? 44 ఏళ్ల వయసులో, గురువు లేకుండా వీడియోలు చూసి కర్ణాటక సంగీతం మొదటి పాఠాలు, సరళీ స్వరాలు, వాయిస్తున్నాను. మందపాటి తీగ మీద కమాను లాగితే జరజరమంటోంది, సన్న తీగ నొక్కితే వేలు కోసుకుపోతోంది, తప్పు నాదా వయొలిన్‌దా అని.

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "బ్రిడ్జి (తీగల్ని పైకెత్తి పట్టే చెక్కముక్క) ఓసారి చూడండి" అన్నవారికి రెండుసార్లు.

రిపేరు చేసే పెద్దాయన పెట్టె తెరవగానే నవ్వేశారు. బ్రిడ్జి మందపాటి తీగ వైపు ఎత్తుగా, సన్న తీగ వైపు తక్కువగా ఉండాలి. నాది సరిగ్గా రివర్స్. అందుకే ఆ మందపాటి మంద్ర తీగ, వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డుకు తగిలి మోగేది. పార్సిల్‌లో బ్రిడ్జి విడిగా వచ్చింది, నిలబెట్టిన మహానుభావుణ్ణి నేనే! తీగలన్నీ ఒకేసారి వదిలేస్తే లోపల నిలబెట్టి ఉండే చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోవచ్చట. అందుకని కొద్దికొద్దిగా వదులు చేసి, బ్రిడ్జిని తిప్పి, పైచెక్క మీది ఎఫ్ ఆకారపు రంధ్రాల లోపలి గాట్లకు ఎదురుగా నిలబెట్టారు. పది నిమిషాల పని.

నేను కొన్న కొత్త తీగల సెట్టు దండగ. కమానుకు రుద్దే రోజిన్ కూడా కారణం కాదు, అనవసరంగా రుద్ది ఒళ్లంతా తెల్లపొడి చేసుకున్నాను. తీగలు బిగించే బిరడాలు జారడం వేరే సంగతి: సుద్దముక్క రాసి, లోపలికి నొక్కుతూ తిప్పమన్నారు. ఇప్పుడు శ్రుతి నిలుస్తోంది.

కమాను తిరిగేచోట గీర ఇంకా ఉంది. అది మాత్రం నా చెయ్యే. తర్వాతి పాఠం, జంట స్వరాలు, మొదలెట్టాను, ఇంట్లోవాళ్లు తలుపు వేసుకోవడం మానలేదు.