కేదార్‌నాథ్ హెలికాప్టర్లకు కుంగే సీట్లు, పగలని ట్యాంకులు తప్పనిసరి చేయాలా?

గోదారి కుర్రోడు:
2022 అక్టోబర్ 18న గరుడ్ చట్టీ దగ్గర, 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్లు కూలి ఏడుగురు చొప్పున చనిపోయారు. మన ఊళ్ల నుంచీ ఏటా ఎంతోమంది వెళ్తున్నారు. కూలినా మనిషిని కాపాడే సీట్లు, పగలని ఇంధన ట్యాంకులు ఉంటేనే యాత్రకు అనుమతివ్వాలని నేనంటాను. మీరేమంటారు?

నల్లమలవాసి:
దండగ ఖర్చు బ్రదర్. మబ్బులో కొండను గుద్దితే సీటేం చేస్తుంది? 2009 సెప్టెంబర్ 2న పావురాలగుట్ట దగ్గర వైఎస్ గారి బెల్ 430 ఏమైందో చూశాం కదా. ఆ డబ్బేదో వాతావరణ కెమెరాలకు, పైలట్ల శిక్షణకు పెట్టమనండి.

రోటార్ రావు:
కొండను గుద్దే కేసులో మీ మాట నిజమే, నల్లమలవాసి గారూ. కానీ కూలేవన్నీ అలాంటివి కావు. 2015 జులైలో అమెరికాలో, కొలరాడో రాష్ట్రం ఫ్రిస్కోలో, ఒక ఏఎస్350 అంబులెన్స్ హెలికాప్టర్ హెలిప్యాడ్ నుంచి లేస్తూనే అదుపు తప్పి పక్కనున్న పార్కింగ్‌లో పడింది. ఇంధనం కారి క్షణాల్లో మంటలు. పైలట్ చనిపోయాడు, నర్సులిద్దరికీ తీవ్ర గాయాలు.

అసలు తిరకాసు ఇక్కడుంది. ట్యాంకు పగలకూడదన్న రూలు అక్కడ 1994లోనే వచ్చింది. కాకపోతే కొత్తగా ఆమోదం పొందే డిజైన్లకే. పాత డిజైన్‌తో నిన్నగాక మొన్న తయారైన మెషీన్‌కు అది వర్తించదు! చివరికి 2018లో చట్టం చేసి, 2020 ఏప్రిల్ తర్వాత తయారయ్యేవాటికి తప్పనిసరి చేశారు. అప్పటికే ఎగురుతున్నవాటి జోలికి పోలేదు.

సీట్లదీ అదే కథ. 1989 రూలు ప్రకారం సెకనుకు 9 మీటర్ల వేగంతో, అంటే సుమారు 14 అడుగుల పైనుంచి పడ్డంత దెబ్బతో, టెస్ట్ చేస్తారు. నడుము మీద భారం 680 కిలోలు దాటకూడదు. అందుకే సీటు కిందికి కుంగుతూ ఆ దెబ్బను తీసుకుంటుంది.

బేగంపేట శ్రీను:
మరి బరువు సంగతి? కేదార్‌నాథ్ 11,700 అడుగుల పైన ఉంది. ఆ పల్చటి గాలిలో పది కిలోలు పెరిగినా లెక్కే. ఒక ప్యాసింజర్ తగ్గితే టికెట్ పెరుగుతుంది.

రోటార్ రావు:
పెరగనీ శ్రీనూ. సీట్లు మార్చడం కష్టమే, ఒప్పుకుంటా. ఏఎస్350కి తర్వాత బిగించుకునే ట్యాంకు దొరుకుతోంది, ముందు అది పెట్టిద్దాం. ఇంకోటి, కుంగే సీటు ఉన్నా దాని కింద బ్యాగు తోస్తే కుంగడానికి జాగా ఉండదు. ఎక్కేటప్పుడు ఆ ముక్క ఎంతమంది చెప్తారు?

నల్లమలవాసి:
ట్యాంకు వరకు ఓకే. కెమెరాల డబ్బులోంచి మాత్రం తీయొద్దు.